ముందు లేపిన పికప్, వెనక జనరేటర్ ట్రాలీ: బండి కూర్చోకుండా ఏం చేయాలి

మీరు అడిగింది ఇదీ. గుంటూరులో లైటింగ్, షామియానా వ్యాపారం. బండి ఇసుజు వీ-క్రాస్. ముందు వైపు దిగినట్టు కనిపిస్తోందని, దాన్ని పైకి లేపే రెండంగుళాల లెవలింగ్ కిట్ వేయించారు. ఖాళీగా ఉంటే బండి సమంగా నిలబడుతోంది. జనరేటర్, ట్రాలీ కలిపి 1,200 కిలోలు తగిలించి, బెడ్డులో 200 కిలోల కేబుల్ చుట్టలు వేస్తే మాత్రం వెనక మూడంగుళాలు కూర్చుంటోంది. స్టీరింగ్ తేలిపోతోంది, రాత్రిళ్లు ఎదురొచ్చే లారీవాళ్లు లైట్లు కొడుతున్నారు, స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు ముందు ‘టక్’మంటోంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలకు జనరేటర్ వెళ్లాలి, ఆలోపు ఆటోనగర్‌లో కమాన్ కట్టకు (వెనక బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగుకి) ఒక పట్టీ ఎక్కిస్తే సరిపోతుందా అని మీ ప్రశ్న.

పట్టీ ఎక్కిస్తే వెనక లేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మీరు చెప్పిన బాధల్లో దాంతో సగమే తీరుతాయి. స్టీరింగ్ తేలడం, ముందు టక్కుమనడం దాదాపు అలాగే ఉంటాయి. మీ కట్టలు బలం తప్పాయని నాకనిపించడం లేదు. లోడు కోసం కంపెనీ ఉంచిన మిగులు ఎత్తును కిట్ వేయించిన రోజునే ఖర్చు పెట్టేశారు, అసలు సంగతి అది.

ఏ పికప్ అయినా ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం కాస్త ఎత్తుగా ఉంటుంది. లోడు పడ్డాక సమంగా రావాలని అలా చేస్తారు. మన శ్రీసిటీలో తయారయ్యే మీ బండి అయినా, ఇంకో కంపెనీది అయినా ఇదే పద్ధతి. కిట్ లేని బండి వెనక మూడంగుళాలు దిగితే బయటికి అంగుళం దిగినట్టే కనిపిస్తుంది. మీ బండికి ఆ మూడూ కనిపిస్తాయి. కిట్ వల్ల వెనక స్ప్రింగుకి ఏమీ కాలేదు, అదే లోడుకి అంతే దిగుతోంది. దిగడం మొదలయ్యే చోటు మాత్రం మారింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం, ఇది తెలియకుండా ఏ షాపుకి వెళ్లినా వాళ్ల దగ్గర ఉన్న సరుకే మీకు మందు అవుతుంది. వెనక ఇరుసు దగ్గర బండి ఏతంలా పనిచేస్తుంది. తోక మీద భారం పడితే ముక్కు లేస్తుంది. వీ-క్రాస్‌కి ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3,095 మి.మీ. హుక్కు వెనక ఇరుసుకి 1,250 మి.మీ. అవతల ఉందనుకుంటున్నాను, మీరు టేపు పెట్టి చూసుకోండి. ట్రాలీ ముక్కు హుక్కు మీద 150 కిలోలు మోపుతోందనుకుంటే, వెనక ఇరుసు మీద పడేది 150 కాదు, 210. ఆ పైన ఉన్న 60 ముందు చక్రాల మీదినుంచి లాగేసుకున్నది. కేబుల్ చుట్టలు వెనక డోర్ దగ్గర, ఇరుసుకి 700 మి.మీ. వెనక ఉంటే వాటి 200 కిలోలు వెనక ఇరుసు మీద 245 అవుతాయి, ముందు ఇంకో 45 పోతుంది. మొత్తం మీద వెనక 455 పెరిగింది, ముందు 105 తగ్గింది. మీ స్టీరింగ్ తేలడానికి ఆ 105 కిలోలే కారణం.

ఆ టక్కు కూడా ఇందులోదే. కిట్ వేసినప్పుడు ముందు సస్పెన్షన్ కిందికి వేలాడే దూరంలో కొంత అయిపోతుంది. దాని మీద ముందు భారం తగ్గితే ఇంకో అరంగుళం పైగా లేస్తుంది. ఇక స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు చక్రం కిందికి జారడానికి చోటు మిగలదు, సస్పెన్షన్ చివరికంటా వేలాడి కొట్టుకుంటుంది. ఎవరైనా అది బాల్ జాయింట్ శబ్దమనో బుష్ పోయిందనో అంటే, ముందు ట్రాలీ విప్పి ఖాళీ బండితో అదే స్పీడ్‌బ్రేకర్ దాటి వినండి. ఖాళీగా శబ్దం లేకపోతే చాలావరకు అది పార్టుల తప్పు కాదు.

కాబట్టి మొదటి పని షాపులో కాదు, కాటా దగ్గర. మీ ఊళ్లో దానికి కొదవ లేదు, మిర్చి యార్డు చుట్టుపక్కల వేబ్రిడ్జిలు బోలెడు. ఖాళీ బండి ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒక తూకం. ట్రాలీ తగిలించి, కేబుళ్లు వేసి, మళ్లీ ముందు చక్రాలు మాత్రమే పెట్టి ఇంకో తూకం. రెంటికీ తేడా ఎంతో అదే మీ ముందు పోయిన బరువు. ట్రాలీ ముక్కు బరువుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) తూచే ప్లాట్‌ఫాం కాటా చాలు. ట్రాలీ చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, హుక్కు ఎంత ఎత్తులో ఉంటుందో ట్రాలీ రింగు సరిగ్గా అంత ఎత్తులో ఉండేట్టు కాటా మీద చెక్క దిమ్మ పెట్టి దాని మీద రింగు ఆనించండి. ముందు చిన్న చక్రం నేలని తాకకూడదు, ఆ చక్రం మీద తూచినా లెక్క తప్పుతుంది. డీజిల్ ట్యాంకు మీరు మామూలుగా ఎంత నింపి వెళ్తారో అంత నింపే తూచండి.

ముక్కు బరువు ట్రాలీ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. మీ 1,200 కిలోలకి 120 నుంచి 180. కొందరు బండి కూర్చోకూడదని జనరేటర్‌ని ట్రాలీ మీద వెనక్కి జరిపేస్తారు. బండి వెనక చక్కగా లేస్తుంది, చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంటుంది. తర్వాత మంగళగిరి దాటి హైవే మీద 70లో పక్క నుంచి బస్సు దూసుకెళ్లగానే ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది. 120 కంటే కిందికి దించొద్దు. ఎప్పుడైనా ఊగితే బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ తిప్పి సర్దబోకండి. యాక్సిలరేటర్ వదిలేసి నిటారుగా పట్టుకుంటే వేగం తగ్గి అదే ఆగుతుంది.

తూకం తెలిశాక సర్దుడు. ముక్కు బరువు 150 వస్తే జనరేటర్‌ని కొద్దిగా వెనక్కి జరిపి 120కి తేవచ్చు. కేబుల్ చుట్టల్ని వెనక డోర్ దగ్గర్నుంచి క్యాబిన్ గోడకి ఆనించి, ఇరుసుకి 300 మి.మీ. ముందుకి తెస్తే వాటి భారం వెనక 245 నుంచి 180కి పడిపోతుంది, పైగా ముందు చక్రాలకి 20 కిలోలు కలిసొస్తాయి. ఈ రెండూ చేస్తే వెనక పెరిగిన భారం 455 నుంచి దాదాపు 350కి వస్తుంది. ముందు పోయేది 105 నుంచి 30కి తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు. కుర్రాళ్లు మాత్రం గొణుగుతారు, దించేటప్పుడు చుట్టలు లోపలికంటా వెళ్లి లాగాలి కదా. చుట్టలు ముందుకి జారకుండా తాడు మాత్రం గట్టిగా కట్టించండి.

అదే రోజు నాలుగు చక్రాల దగ్గర కొలతలు కూడా తీయండి. చదునుగా ఉన్న పెట్రోల్ బంకు సిమెంటు నేల మీద చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు టేపు పెట్టి, ఖాళీగా ఒకసారి, పూర్తి లోడుతో ఒకసారి. చిన్న కాగితం మీద రాసి గ్లోవ్‌బాక్సులో ఉంచుకోండి. ఇకపై ఏ పని చేయించినా ఈ అంకెలతోనే తేలుతుంది, కంటితో చూసి ‘లేచింది’ అనుకోవడం మోసం.

ఇక ముందున్న కిట్. మీరు అడగకపోయినా నా అభిప్రాయం చెబుతాను. బండి నెలలో ఎక్కువ రోజులు ట్రాలీ లాగుతుంటే దాన్ని సగానికి తగ్గించండి. స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసిన భాగం) పైన పెట్టే స్పేసర్ దిమ్మ మందం, చక్రం దగ్గర వచ్చే ఎత్తు ఒకటి కాదు. ఈ రకం సస్పెన్షన్లో 25 మి.మీ. స్పేసర్ పెడితే చక్రం దగ్గర ఇంచుమించు రెండంగుళాలు లేస్తుంది. కాబట్టి 12 మి.మీ.ది వేస్తే అంగుళం ఎత్తు మిగులుతుంది, బండి చూడ్డానికి మరీ ముక్కు దించినట్టు ఉండదు, టక్కు శబ్దం కూడా చాలావరకు పోతుంది. మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. పూర్తిగా తీసేస్తే ఇంకా మంచిది. కానీ ముచ్చటపడి వేయించుకున్నది తీసేయమంటే ఎవరూ తీయరని నాకూ తెలుసు.

హెడ్‌లైట్ల సంగతి చాలామంది పట్టించుకోరు. డిమ్ లైటు వెలుగు మీటరుకి సుమారు సెంటీమీటరు చొప్పున కిందికి పడేట్టు అమరుస్తారు. వెనక మూడంగుళాలు దిగి ముందు అరంగుళం లేస్తే మీ బండి మీటరుకి దాదాపు 2.9 సెంటీమీటర్లు వెనక్కి వాలుతుంది. అంటే వెలుగు అంచు కిందికి బదులు పైకి పోతోంది. 25 మీటర్ల దూరంలో అది లైటు ఎత్తు కంటే అరమీటరు దాకా పైన ఉంటుంది, సూటిగా ఎదుటివాడి కళ్లలోకి. దీనికి తోడు కిట్ వేసినప్పుడు లైట్లు మళ్లీ అమర్చారా? చాలా షాపుల్లో అమర్చరు. డాష్‌బోర్డు మీద లైటు దించే చిన్న చక్రం ఉంటే లోడు రోజున దించండి. అయినా ముందు ఖాళీ బండితో గోడ మీద అమరిక సరిచేయించాకే అది పనికొస్తుంది.

సర్దుడు, స్పేసర్ అయ్యాక కూడా వెనక రెండంగుళాల పైచిలుకు దిగుతుంది. అది ఆపడానికి దారులున్నాయి. మీ వాడకానికి నా ఓటు ఎయిర్ బ్యాగులకి. ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య, కట్టలకి తోడుగా పక్కకొకటి రబ్బరు బెలో పెడతారు. లోడు పడినప్పుడు గాలి కొట్టించుకుంటారు, దింపాక తీసేస్తారు. మీ బండి వారంలో సగం రోజులు ఖాళీగా ఊళ్లో తిరుగుతుంది కదా, ఆ రోజుల్లో నడుము విరగదు. సాధారణంగా ఈ రకం బ్యాగులకి గాలి ఒత్తిడి కనీసం 5 పీఎస్‌ఐ, గరిష్ఠం 100. కనీసం ఉంచాల్సిన ఆ 5 ఎప్పుడూ ఉండాలి, ఖాళీ బ్యాగు మడతపడి నలిగి చిరుగుతుంది. మీ లోడుకి 20 నుంచి 35 మధ్య ఎక్కడో కుదురుతుందని నా అంచనా. కాగితం మీది ఖాళీ కొలతకి అరంగుళం తక్కువ వచ్చేదాకా కొట్టించి ఆపేయండి. దాని పైకి కొట్టిస్తే వెనక బంతిలా ఎగురుతుంది తప్ప లాభం లేదు.

బిగించేటప్పుడు మెకానిక్ పక్కన నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు బ్యాగులకీ గాలి పైపులు వేరువేరుగా ఉండాలి. టీ ముక్క పెట్టి కలిపేస్తే మలుపులో బరువు పడిన వైపు గాలి అవతలి వైపు పోయి బండి ఇంకా వాలుతుంది. సైలెన్సర్ పైపు ఏ వైపు పోతోందో ఆ వైపు బ్యాగుకీ పైపుకీ మధ్య చేయి దూరేంత ఖాళీ, వేడి ఆపే రేకు ఉండాలి. మన ఎండల్లో ఆ రబ్బరు అసలే కాగుతుంది. లోపల రబ్బరు బంప్‌స్టాప్ (దెబ్బ ఆపే దిమ్మ) ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, దారిలో గాలి పోయినా మెల్లగా ఇంటికి చేరొచ్చు. ఇంకొకటి, పంచరు వేసేటప్పుడు ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపితే ఇరుసు బరువంతా బ్యాగు మీద వేలాడుతుంది. జాకీ ఇరుసు కిందే పెట్టమని డ్రైవర్‌కి చెప్పండి.

బ్యాగు ఎత్తుని తిరిగి ఇస్తుంది, బరువుని ముందు చక్రాల మీదికి తిరిగి తేదు. ఇది మర్చిపోకూడదు. అందుకే కాటా, సర్దుడు ముందు చెప్పాను. బరువుని కూడా ముందుకి తోసే స్ప్రింగ్ బార్ల హుక్కు ఒకటుంటుంది, విదేశాల్లో ఇల్లులాంటి పెద్ద ట్రైలర్లకి వాడతారు. దానికి బాల్ హుక్కు, త్రికోణం ఆకారంలో ట్రైలర్ ముక్కు కావాలి. మన జనరేటర్ ట్రాలీలు రింగు, పిన్ను రకం. మీకు అది అనవసరం.

ఇప్పుడు మీరడిగిన పట్టీ. ఆటోనగర్‌లో ఒక పూటలో ఎక్కించేస్తారు, బ్యాగుల కంటే ఖర్చూ తక్కువే. బండి దాదాపు రోజూ లోడుతోనే తిరిగితే నేనూ పట్టీయే వేయమనేవాణ్ణి. మీ బండికైతే ఖాళీగా వెళ్లే రోజుల్లో వెనక సీటువాళ్ల తల టాపుకి తగులుతుంది. అయినా అదే కావాలనుకుంటే ముందు కింద పడుకుని టార్చి వేసి ఉన్న కట్టని చూడండి. పట్టీల చివర్లలో, కట్టని ఇరుసుకి బిగించే యూ-బోల్టుల అంచున గోధుమరంగు తుప్పు సన్నటి గీతలా దిగి ఉంటే అక్కడ చీలిక ఉందన్నమాట. పట్టీల మధ్య ఉండే ప్యాడ్లు అరిగి ఇనుము ఇనుముని రాస్తుంటే ఆ చోటు అద్దంలా మెరుస్తుంది. అలాంటివి కనపడితే పట్టీ ఎక్కించడం కాదు, కట్టే మార్చాలి.

పట్టీ మందం విషయంలో పట్టుబట్టండి. పట్టీ గట్టితనం మందం ఘనంతో పెరుగుతుంది. 6 మి.మీ. పట్టీకి బదులు 8 మి.మీ.ది వేస్తే అది రెట్టింపు కంటే ఎక్కువ గట్టిది. లారీ కట్టలోంచి కోసిన ముక్క వేస్తే ఎందుకు నడుం పోతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. పైగా పొట్టి మందపాటి ముక్క ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడే పై పట్టీ విరుగుతుంది. పొడవు పట్టీ, ఉన్నవాటి మందమే, ఎస్‌యూపీ 9 లాంటి అసలు స్ప్రింగ్ స్టీలుతో చేసింది అడగండి. పాత కట్టని కొలిమిలో కాల్చి వంపు తీస్తామంటే వద్దనండి, కాలిస్తే పదును పోయి కొన్నాళ్లకే మళ్లీ వాలిపోతుంది. యూ-బోల్టులు, సెంటర్ బోల్టు కొత్తవే వేయించండి, ఒకసారి సాగిన యూ-బోల్టు మళ్లీ బిగువు పట్టదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగించాలి. ఆ రెండో బిగింపుకి ఎవరూ వెళ్లరు, పట్టీ జరిగి సెంటర్ బోల్టు తెగేది అందువల్లే.

కట్ట కింద దిమ్మ పెట్టి వెనక లేపుతామని కూడా అంటారు. గట్టితనం ఏమీ పెరగదు, మూడంగుళాలు దిగేది మూడంగుళాలే దిగుతుంది, కాకపోతే పైనుంచి దిగుతుంది. ముందు కిట్ ఉంచుకుని దానికి సమంగా వెనకా అంగుళం లేపాలనుకుంటే అదొక దారి. దిమ్మ మీద దిమ్మ మాత్రం ఎక్కించనివ్వొద్దు. షాకబ్జార్బర్లు గట్టివి వేస్తే కూర్చోవడం తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, మామూలు షాక్ బరువు మోయదు, ఊపు మాత్రమే ఆపుతుంది. కార్ల స్ప్రింగుల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు కమాన్ కట్టలకి పనికిరావు.

వెనక లేపే ఏ పని చేసినా బ్రేకు వైపు ఒక చూపు వేయండి. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసు నుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వుకి సన్నటి కడ్డీ వెళ్తుంది. వెనక ఎంత దిగిందో చూసి వెనక బ్రేకులకి ఎంత ప్రెషర్ ఇవ్వాలో అది నిర్ణయిస్తుంది. మీరు బ్యాగుతో వెనక లేపేస్తే బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది, వెనకాల టన్నుపైన ఉన్నా సరే. మీ బండి కింద ఆ కడ్డీ కనిపిస్తే పని పూర్తయ్యాక దాన్ని మళ్లీ అమర్చించండి. వెనక టైర్లలో గాలి కూడా డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉండే లోడు అంకెకి పెంచాలి. సగం గాలి టైరు మీద ఎన్ని బ్యాగులు పెట్టినా తోక ఊగుతూనే ఉంటుంది.

వీటిలో ఏది చేసినా బండి మోయగలిగే బరువు ఒక్క కిలో కూడా పెరగదు. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువు అంకెలోంచి ఖాళీ బరువు తీసేసి చూడండి, ఐదు సీట్ల ప్రైవేటు పికప్‌లకి మిగిలేది బెడ్డు సైజు చూసి అనుకునేదాని కంటే తక్కువ ఉండొచ్చు. ట్రాలీ ముక్కు బరువు, కేబుళ్లు, కుర్రాళ్లు అందరూ అందులోకే వస్తారు. సరిపోకపోతే కేబుళ్లని వేరే ఆటోలో పంపండి. మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మార్పులు చేయడం మీద అదే చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట వెతికేది ఇలాంటివే, కాబట్టి లెవలింగ్ కిట్ సంగతి, బ్యాగుల సంగతి పని మొదలుపెట్టేముందే ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సులో అడిగి తెలుసుకోండి.

శివరాత్రికి ముందు టైము లేకపోతే ఈసారికి కాటా, సర్దుడు, లైట్ల అమరిక, టైర్ల గాలి, ఈ నాలుగే చేసి వెళ్లండి. కోటప్పకొండ వైపు ఆ రోజు ఎలాగూ నడక వేగమే. తిరునాళ్ల అయ్యాక స్పేసర్, బ్యాగులు చూద్దాం. ఈలోగా ఖాళీ, లోడు కొలతలు, రెండు కాటా తూకాలు రాసి పంపితే ఎంత స్పేసర్, ఎంత గాలి అన్నది ఉజ్జాయింపుగా కాకుండా మీ బండికే లెక్కవేసి చెబుతాను.